ఆ చప్పుడుకు లేచినవాళ్ళు

నేను పిరికివాణ్ణి. నన్ను నేను తగ్గించుకోవడానికి చెబుతున్న మాట కాదిది, నా ఉద్యోగానికి ఉన్న అసలు అర్హత అదే. బొగ్గు బావిలో సర్దార్‌గా పనిచేసి, కాళ్ళూ చేతులూ అన్నీ ఉండగానే రిటైరై, ఇప్పుడు గోదావరిఖనిలో టీ కొట్టు ముందు కూర్చుని ఊళ్ళో వాళ్ళందరినీ విమర్శిస్తున్నానంటే అది నా భయం పెట్టిన భిక్ష. ఈమధ్య కొత్తగా పనిలో చేరిన పిల్లలు కొందరు నా పక్కన కూర్చుని, "తాతా, మీ కాలంల గంత ధైర్యంగ ఎట్ల దిగేటోళ్ళు?" అని అడిగారు. ధైర్యంగా దిగినవాళ్ళను అడగాలంటే వాళ్ళ ఇళ్ళలో గోడమీది ఫోటోలను అడగాలి నాయనా. నాకు తెలిసింది భయం ఒక్కటే. ఆ భయం ఒకసారి నాటకం స్టేజీ ఎక్కింది. ఆ కథే చెబుతాను.

సర్దార్ అంటే తలపాగా చుట్టుకున్నవాడు అనుకునేరు. షిఫ్టు మొదలవగానే అందరికంటే ముందు పనిచోటికి వెళ్ళి, నెత్తిమీది బండ నిలుస్తుందో లేదో చూసి చెప్పాల్సినవాడు. మేం దాన్ని కప్పు అంటాం. చేతికర్రతో కప్పును తట్టి చెవి పెట్టి వింటాం. గట్టి కప్పయితే కంగుమంటుంది. లోపల పగులు ఉంటే డొల్లగా, ఖాళీ గాబును తట్టినట్టు పలుకుతుంది. ఆ డొల్ల చప్పుడు వినబడ్డాక ఏం చేయాలో ఎవరూ ఎవరికీ నేర్పక్కర్లేదు. బుర్రకంటే ముందు కాళ్ళకు అర్థమవుతుంది.

ఈ సంగతి మా ఆడవాళ్ళకు మాత్రం తెలియదు. బావి మాట ఇంట్లో ఎత్తకూడదన్నది మాలో ఒక పట్టింపు. అన్నం ముందు అసలే ఎత్తకూడదు. చెబితే భయపడతారని ఒక కారణం. చెబుతూ చెబుతూ మనమే భయపడిపోతామన్నది అసలు కారణం. కాబట్టి మా ఇళ్ళలో బావి అంటే సైరను, మసి బట్టలు, జీతం రోజు. అంతకుమించి లోపల ఏం జరుగుతుందో కట్టుకున్నవాళ్ళకు తెలియకుండానే చాలామంది కాపురాలు గడిచిపోయాయి.

డెబ్బయ్యో దశకం మొదట్లో మా బావిలో అన్నదమ్ములిద్దరు పనిచేసేవారు. కమాన్‌పూర్ దగ్గరి పల్లెవాళ్ళు. కప్పు కింద కర్రలు నిలబెట్టడం వాళ్ళ పని. పెద్దవాడికి పెళ్ళయింది, పిల్లలు లేరు. చిన్నవాడికి ఇంకా కాలేదు, అన్నావదినెల దగ్గరే ఉండేవాడు, వదినె చేతి అన్నమే తినేవాడు. నాటకాల పిచ్చోడు. ఊళ్ళో భాగవతాలు ఆడి వచ్చినవాడు గనక మా క్లబ్బులో ఏ నాటకమైనా వాడు లేనిదే తెర లేచేది కాదు. నన్ను అన్నా అనేవాడు, నేను వాణ్ణి తమ్మీ అనేవాణ్ణి.

ఒకరోజు రెండో షిఫ్టులో కప్పు కూలింది. నేను ఆ రోజు మొదటి షిఫ్టు. ఇంటికి వచ్చి స్నానం చేస్తుంటే తెలిసింది. చిన్నవాడు భుజం గీరుకుపోయి బయటపడ్డాడు. పెద్దవాడు బండ కింద ఉండిపోయాడు.

కంపెనీ దవాఖాన వరండాలో చిన్నవాడు గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. పెద్దవాడి భార్య వచ్చింది. ఏడవలేదు. వాణ్ణి కిందినుంచి పైకి చూసి, మా అందరి ముందే ఒకే ఒక్క మాట అడిగింది.

"మీ అన్నను ఇడిసిపెట్టి ఉరికినవా?"

వాడు నోరు తెరవలేదు. ఆమె మళ్ళీ అడగలేదు. ఆ తర్వాత వాడితో మాట్లాడటమే మానేసింది.

వాడు క్వార్టర్ వదిలి బ్యాచిలర్ల బ్యారక్‌లో చేరాడు. ఆమెకు దవాఖానలో ఆయా పని ఇచ్చారు. ముసలి అత్తను దగ్గర పెట్టుకుని ఆ క్వార్టర్‌లోనే ఉండేది. ప్రతి ఆదివారం వాడు బియ్యం, పప్పు తీసుకెళ్ళి గడప బయట పెట్టి వచ్చేసేవాడు. వాడు వీధి మలుపు తిరిగాక ఆమె తలుపు తీసి లోపలికి తీసుకునేది. కాలనీలో కొందరు వాడి వెనక 'ఉరికినోడు' అని గుసగుసలాడేవారు. బావిలో పనిచేసే మగవాళ్ళెవరూ ఆ మాట అనలేదు. అనేవాళ్ళంతా బావి ముఖం చూడనివాళ్ళు.

ఒకసారి షిఫ్టు దిగి నడుస్తుంటే నేనే అడిగాను. "ఒకసారి మీ వదినె ఎదురుంగ కూసోని జరిగింది చెప్పరాదు తమ్మీ?"

"ఏమని చెప్పాలె అన్నా? నన్ను నేను కాపాడుకునేటందుకు సచ్చినోని మీద మాట పెట్టినట్టయితది. కని నాకొకటే బుగులు. రేపు బండ నా మీద పడ్తదనుకో. వదినె మనసుల గదే ఉండిపోతది. నేను గట్లనే ఉరికినోన్ని లెక్కనే పోవాలె."

బండ పడటమన్నది మా దగ్గర ఊహ కాదు, ఎప్పుడన్నది ఒక్కటే తేలని విషయం. ఆ రోజునుంచి షిఫ్టులో వాడు పనిచేసే చోట కప్పును ఒకటికి రెండుసార్లు తట్టేవాణ్ణి. వాడి సంగతి తేలకుండా వాడికేమైనా అయితే నేను తట్టుకోలేననిపించేది.

నోటితో చెప్పలేనివాడు నాటకం కట్టాడు. ఏటా బావుల మధ్య నాటకాల పోటీ జరిగేది. వాడు కట్టింది ఎలాంటి నాటకమంటే, అందులో ఏమీ జరగదు. ఒక గది. చనిపోయినవాడి తల్లి, భార్య, తమ్ముడు. గది మూలన వాడి బూట్లు, టోపీ. వాటిని ఎవరూ తీయరు. భార్య బియ్యంలో రాళ్ళు ఏరుతూ ఉంటుంది. తల్లి పొద్దున లేచి ఆ టోపీ వైపు చూసి, "కొడుకా, ఏం కూర ఒండాలె?" అని అడుగుతుంది. ఎవరూ ఏడవరు. తమ్ముడికి ఏ కప్పు కిందా కుదురుగా కూర్చోవడం చేతకాదు. కర్ర తీసుకుని ఇంటి కప్పును తట్టి చూస్తుంటాడు. అంతే నాటకం.

క్లబ్బు సెక్రటరీ విని తల పట్టుకున్నాడు. "పద్యం లేదు, హాస్యం లేదు, కనీసం పాపం అనిపించే ఏడుపన్నా లేదు. ఇది నాటకమా, సంతాప సభనా?" అన్నాడు. అవతలి బావివాళ్ళు పిస్తోలు పేల్చే పోలీసు నాటకం వేస్తున్నారని ఆయన బాధ. వేరే నాటకం లేక, ఉన్నా హీరో లేక, చివరికి ఒప్పుకున్నాడు.

అప్పట్లో ఆడవేషాలకు కోస్తా ఊళ్ళనుంచి నటీమణులను పిలిపించేవాళ్ళం. వచ్చినామె చేయి తిరిగిన మనిషి. రామగుండం స్టేషన్లో దిగుతూనే నా పాఠం ఏదని అడిగింది. ఉన్న నాలుగు మాటలూ చెబితే నిర్ఘాంతపోయింది.

"డైలాగులేవండీ? మొగుడు పోయినావిడ కదా, గుండెలు బాదుకోవద్దా? నేను ఏడుపు మొదలెడితే మూడు ఊళ్ళవాళ్ళు ఏడుస్తారండీ."

"ఏడ్వొద్దక్కా. బియ్యం ఏరు, సాలు," అన్నాడు మావాడు.

నాలుగు రోజులు రిహార్సలయ్యాక ఆమె నాతో అంది. "ఎన్నో వేషాలు కట్టానండీ. ఏడవకుండా కూర్చోవాలంటే ఇంత భయమేస్తుందని ఇప్పుడే తెలిసింది."

నా పని తెర పక్కన కూర్చుని చప్పుళ్ళు చేయడం. మంచి కప్పుకు రైలు పట్టా ముక్క సరిపోయింది. దానిమీద కొడితే కంగుమంది. డొల్ల చప్పుడు మాత్రం దొరకలేదు. డబ్బాలు కొట్టాం, పెట్టెలు కొట్టాం. వాడు దేనికీ ఒప్పుకోలేదు. చివరికి ఒక పాత తలుపు చెక్కను గాబు మీద పరిచి, మధ్యలో గోనెసంచి కుక్కి తట్టాను. వాడి ముఖం పాలిపోయింది. ఒక్క అంగలో గది బయట ఉన్నాడు. నాకూ గుండె గతుక్కుమంది, కానీ నేను దేనికైనా ఉలిక్కిపడే రకాన్నే కాబట్టి పట్టించుకోలేదు. తల్లి వేషం వేసే బడి పంతులు, తెరలాగే ఆఫీసు గుమాస్తా, కోస్తా ఆమె, వీళ్ళలో ఎవరికీ ఏమీ అనిపించలేదు. వాళ్ళు బావిలో దిగినవాళ్ళు కారు. అదే మా కొంప ముంచింది.

పోటీ క్లబ్బు మైదానంలో, షామియానా కింద. ముందు సోఫాల్లో ఆఫీసర్లు, జడ్జీలు. జడ్జీల్లో ఒకాయన హైదరాబాదునుంచి వచ్చాడు, ఒక వారపత్రికలో నాటకాల మీద రాస్తాడట. ఆయన వెనక ఎడమవైపు జంపఖానాల మీద ఆడవాళ్ళు, పిల్లలు. కుడివైపు, ఇంకా వెనకంతా మగవాళ్ళు, కొందరు కుర్చీల్లో, ఎక్కువమంది బల్లల మీద. చుట్టూ తడికలు.

తెర సందులోంచి చూసి మావాడు నా చేయి పట్టుకున్నాడు.

"అన్నా, వదినె అచ్చింది."

చూశాను. ముసలి అత్త కొడుకు నాటకం చూస్తానని పట్టుబట్టి ఉంటుంది. ఆమె అత్తను కూర్చోబెట్టి, తాను షామియానా గుంజ పక్కన అంచున కూర్చుంది. ఏ క్షణాన్నయినా లేచి వెళ్ళిపోవడానికి సిద్ధంగా ఉన్నట్టు కొంగు బిగించుకుని ఉంది. అందరి ముందు లేచి మళ్ళీ అదే మాట అడిగితే? అడగకుండా ఉమ్మేసి పోతే? ఆపేద్దామా తమ్మీ అన్నాను. వాడు విననట్టే స్టేజీ మీదికి వెళ్ళాడు.

తెర లేచింది. కాసేపటికి వెనకనుంచి ఎవడో "డైలాగ్!" అని అరిచాడు. కొందరు నవ్వారు. తర్వాత ఆ నవ్వూ ఆగిపోయింది. కోస్తా ఆమె బియ్యం ఏరుతున్న చప్పుడు మైకులో వినబడుతోంది. పంతులు టోపీ వైపు చూసి ఏం కూర ఒండాలె అని అడిగినప్పుడు ఆడవాళ్ళ వైపు ఎవరో గట్టిగా ఊపిరి పీల్చుకున్నారు. చప్పట్లు లేవు, ఈలలు లేవు. అంత జనంలో ఆ నిశ్శబ్దం నాకు కూలబోయే ముందు బావిలో ఉండే నిశ్శబ్దంలా తోచింది.

వాడు కర్ర ఎత్తి కప్పును తట్టాడు. నేను పట్టా మీద కొట్టాను. కంగుమంది. ఒక అడుగు జరిగి మళ్ళీ తట్టాడు. కంగుమంది. మూడోసారి కర్ర ఎత్తాడు. నేను తలుపు చెక్క మీద తట్టాను.

ఇంకో మైకు నా పక్కనే ఉందన్న సంగతి ఎవరికీ గుర్తులేదు. ఆ డొల్ల చప్పుడు మైదానమంతా మోగింది.

అంతే, మగవాళ్ళంతా ఒక్కసారిగా లేచారు. ఎవరూ ఎవరినీ చూడలేదు, ఆలోచించలేదు. బల్లలు వెల్లకిలా పడ్డాయి. "జరుగుండ్రి! జరుగుండ్రి!" అని ఎవరో ముసలి గొంతు అరిచింది. వెనకవాళ్ళు తడికలు తోసుకుని ఆరుబయటికి ఉరికారు. చెప్పులు ఎక్కడివక్కడే ఉండిపోయాయి. ఎవడైనా పిల్లలమీద పడితే, ఎవరైనా నలిగితే, ఈ చేతులతో నేను కొట్టిన చప్పుడే కదా అని తలుపు చెక్కను అదిమి పట్టుకున్నాను. దేవుడి దయ, మగవాళ్ళంతా వెనకా పక్కనా ఉండటంతో ఎవరికీ ఏమీ కాలేదు. ముందు వరసలో మా మేనేజర్ కూడా సోఫాలోంచి సగం లేచి అలాగే ఉండిపోయాడు. ఆయనా కిందనుంచి పైకి వచ్చినవాడే.

ఆడవాళ్ళలో ఒక్కరూ కదల్లేదు. వాళ్ళకు అది చెక్క మీద కర్ర చప్పుడు, అంతే. కూర్చున్నచోటే వెనక్కి తిరిగి తమ మగవాళ్ళను చూస్తున్నారు. ఇంట్లో పులుల్లా గర్జించేవాళ్ళు, తాగివచ్చి తలుపులు తన్నేవాళ్ళు, బావి మాట ఎన్నడూ ఎత్తనివాళ్ళు, ఒక్క చప్పుడుకు ప్రాణాలు అరచేత పట్టుకుని ఉరకడం మొదటిసారి చూస్తున్నారు.

ఆరుబయట నిలబడ్డవాళ్ళు తల ఎత్తి చూశారు. షామియానా గుడ్డ గాలికి కదులుతోంది. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఎవరూ నవ్వలేదు. కొందరు నెమ్మదిగా వచ్చి బల్లలు సరిచేసుకుని కూర్చున్నారు. కొందరు సిగ్గుతో తడికల అవతలే ఉండిపోయారు.

స్టేజీ మీద మావాడు కర్ర ఎత్తినవాడు ఎత్తినట్టే నిలబడిపోయాడు. కోస్తా ఆమె మాత్రం బియ్యం ఏరడం ఆపలేదు. ఆ మహాతల్లి వల్లే నాటకం చివరిదాకా నడిచింది. తెర పడ్డాక చప్పట్లు లేవు.

నేను తెర వెనక కూర్చుని కంపెనీ నాకిచ్చే ఛార్జిషీటులో ఏమేం రాస్తారో ఊహించుకుంటున్నాను. సెక్రటరీ వచ్చి నన్నూ మావాణ్ణీ కలిపి నానా మాటలూ అని వెళ్ళాడు. ఆయన అటు వెళ్ళగానే వాడి వదినె వచ్చింది. వెనక ముసలామె. మావాడు లేచి గోడకు ఆనుకుని నిలబడ్డాడు, ఆనాడు దవాఖానలో నిలబడ్డట్టే.

ఆమె చాలాసేపు వాడి కాళ్ళవైపు చూసింది.

"అందరు లేసిండ్రు," అంది.

వాడు తలూపాడు.

"గా చప్పుడు ఆయన గూడ ఇన్నడా?"

"ఇన్నడు వదినె. నాకన్న ముందు ఇన్నడు. ఉరుకుమని ఒర్రిండు. నేను ఉరికిన. ఎనుక అస్తుండనే అనుకున్న. మలిగి ఎనుకకు సూసేవరకు లేడు."

ఆ ఉరుకుమన్న మాట వాడు అప్పటిదాకా ఎవరితోనూ అనలేదు. నాతో కూడా. ఆమె అత్త చేయి పట్టుకుని వెళ్ళిపోయింది. నమ్మిందో లేదో మాకు తెలియలేదు. ఆ వారమంతా వాడు అన్నం సరిగా తినలేదు, నేను కప్పు తట్టినప్పుడల్లా వాడివైపే చూశాను.

మా నాటకానికి బహుమతి రాలేదు, పిస్తోలు నాటకానికి వచ్చింది. ఛార్జిషీటు కూడా రాలేదు. మేనేజర్ నన్ను పిలిచి, నా ముఖం చూడకుండా, ఆ చప్పుడు మళ్ళీ బయట ఎక్కడా చేయొద్దని మాత్రం అన్నాడు.

ఆదివారం వాడు నన్ను తోడు రమ్మన్నాడు. బియ్యం సంచి భుజాన వేసుకుని వెళ్ళాం. ఎప్పటిలాగే గడప బయట దించి వెనుదిరిగాడు. తలుపు తెరుచుకుంది. వాడు మలుపుదాకా పోకముందే తెరుచుకోవడం అదే మొదలు.

"ఏం కూర ఒండాలె?" అని లోపలినుంచి అడిగింది.

వాడు అక్కడే కూలబడి ఏడ్చాడు. స్టేజీ మీద ఏడవొద్దన్న మనిషి, కోస్తా ఆమె చెప్పిన మూడు ఊళ్ళ ఏడుపూ ఒక్కడే ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. టమాట పప్పుతో తిన్నాం.

కొన్నాళ్ళకు వారపత్రిక వచ్చింది. ఆదివారం ఆమె ఇంటికి భోజనానికి వెళ్ళినప్పుడు నేనే చదివి వినిపించాను. హైదరాబాదు జడ్జి మా నాటకం గురించి నాలుగే వాక్యాలు రాశాడు. కథ లేదని, కదలిక లేదని, దుఃఖాన్ని మాటల్లో చెప్పడం రచయితకు చేతకాలేదని. చివరికి ప్రేక్షకులు విసుగెత్తి నాటకం మధ్యలోనే లేచిపోయారని. నాకు ఒళ్ళు మండిపోయింది. ఉత్తరం రాస్తానని లేచాను.

ఆమె అన్నం వడ్డిస్తూ అంది. "లేసిపోయిండ్రు గదా అన్నా, నిజమే రాసిండు. ముందట కూసున్నాయనకు ఎందుకు లేసిండ్రో ఎట్ల ఎరుక? నాకు మాత్రం ఎరుకనా గన్ని దినాలు?"

ఉత్తరం రాయలేదు. ఇన్నేళ్ళయ్యాక ఆ జడ్జి మీద నాకు కోపం కూడా లేదు.

ఆ రోజు ఆదివారమైనా మా ఇద్దరికీ రెండో షిఫ్టు పడింది. తిని, చేతులు కడుక్కుని, టోపీలు పెట్టుకుని బయల్దేరాం. నాకు ఎప్పటిలాగే భయం మొదలైంది. వీధిలోకి వచ్చాక వెనకనుంచి ఆమె పిలిచింది. తిరిగి చూశాం. గడప దాటి వచ్చి నిలబడి ఉంది. మా కాలనీలో ఏ ఆడమనిషీ డ్యూటీకి పోయే మగవాళ్ళతో బావి మాట ఎత్తేది కాదు. ఆమె ఎత్తింది.

"కప్పు మంచిగ సూడు అన్నా," అని నాతో అని, వాడివైపు తిరిగింది. "చప్పుడైతే ఆగకు. ఎనుకకు సూడకు. ఉరుకు."